మస్తాన్ బాబాయి షెడ్డులో నేర్చుకున్న ఇంగ్లీషు

మా చిన్నప్పుడు... గురజాలలో మా ఇంటిని ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉండేది. ట్రాక్టర్లు, పొలాల దగ్గరి ఆయిలింజన్లు బాగుచేసే మస్తాన్ బాబాయిది. ఒక సాయంత్రం మా అమ్మ ఒక చేత్తో నా మణికట్టు, ఇంకో చేత్తో నా ఆరునెలల పరీక్ష ఇంగ్లీషు పేపరు పట్టుకుని నేరుగా ఆ షెడ్డులోకి నడిచింది.

ఆ పేపరు మీద ఉన్న మార్కులు... వందకి పంతొమ్మిది.

నేను అప్పుడు ఏడో తరగతి. ఏడాది చివర పబ్లిక్ పరీక్ష. ఇంగ్లీషు తప్పితే బడి మానిపించి మిరపకాయల కోతకు పంపుతానని మా నాన్న ముందురోజే చెప్పాడు. కోపంగా కాదు, మామూలుగా చెప్పాడు... అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

"ఏంది వదినా, పిల్లని దొంగని లాక్కొచ్చినట్టు లాక్కొస్తన్నావు?" అన్నాడు బాబాయి, ఇంజను మీద నుంచి తలెత్తి.

"నీకు ఇంగ్లీషు వచ్చుగా మస్తానూ. దీనికి కాస్త చెప్పు."

"నేను చదివింది ఐదు. అదీ ఉర్దూలో."

అది నిజమే. కానీ ఆయన విజయపురి సౌత్‌లో, డ్యాం పనుల వర్క్‌షాపులో చాలా ఏళ్లు చేశాడు. యంత్రాలతో వచ్చిన లావుపాటి పుస్తకాలను ఇంజనీర్లు చదువుతుంటే పక్కన నిలబడి, బొమ్మ చూసి, మాట విని, ఆ పని చేసి నేర్చుకున్నాడు. అలా వచ్చిన ఇంగ్లీషు ఆయనది.

నా పేపరు చూశాడు. ఖాళీలు పూరించమన్న ప్రశ్నలో నాలుగింటికీ ‘క్యాచ్’ అనే రాసి ఉంది. గైడులో క్యాచ్, గ్రిప్, స్నాచ్, సీజ్... అన్నిటికీ ఎదురుగా ‘పట్టుకొను’ అనే ఉంది మరి. అర్థం ఒకటే అయినప్పుడు ఏది రాస్తే ఏమిటని, స్పెల్లింగు సులువుగా ఉన్నది ఎంచుకున్నాను.

బాబాయి బల్ల మీది నట్టు ఒకటి తీసి నా వైపు విసిరాడు. పట్టుకున్నాను.

"ఇది క్యాచ్. గాల్లో వచ్చేదాన్ని."

అమ్మ చేతిలోని పేపరు చటుక్కున లాగేశాడు. "ఇది స్నాచ్."

"గద్ద కోడిపిల్లని తన్నుకుపోయినట్టు," అంది అమ్మ.

"అదీ... ఇంగ్లీషు నాది, తెలుగు నీది వదినా. కానియ్."

మా అమ్మకు సంతకం కూడా రాదు. ఆ రోజు ఒక ఆయిలు డబ్బా మీద కూర్చుని, బాబాయి చేసి చూపించిన ప్రతి పనికీ తెలుగు మాట అందించింది. చేతిలో నుంచి జారబోయిన స్పానరును చప్పున అందుకుంటే గ్రాబ్... అమ్మ ‘ఒడిసిపట్టటం’ అంది. నూనె చేతులతో స్పానరును జారనీయకుండా ఉంచితే గ్రిప్... ‘బిగబట్టటం’. క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి అదుముకుని ఉండటం చూపించి, ఇది క్లచ్ అంటే, "తిరనాళ్లలో పిల్ల తల్లి కొంగు పట్టుకున్నట్టా?" అని అడిగింది.

ఒక మూల కదలకుండా పడి ఉన్న ఇంజనును చూపించి, "ఆయిలు పోయకుండా తిప్పారు. లోపల పిస్టన్ సీజయింది," అన్నాడు.

"నడుం పట్టేసినట్టన్నమాట."

"నీకే ముందు వచ్చేట్టుంది వదినా ఇంగ్లీషు," అని నవ్వాడు.

ఆ రోజు నుంచి బడి వదిలాక గంటసేపు షెడ్డులోనే. నేను నోటుబుక్కులో మూడు గళ్లు గీసుకున్నాను... మాట, చెయ్యి చేసిన పని, అమ్మ చెప్పిన తెలుగు. చేతితో చెయ్యకుండా ఒక్క మాట కూడా బాబాయి రాయనిచ్చేవాడు కాదు. గ్రిప్ రాయడానికి ముందు స్పానరు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో... మణికట్టు లాగేది. ‘గ్రాస్ప్’ దగ్గర మాత్రం గుప్పిట మూసి చూపించి, "ఇది బుర్రతో కూడా చేసే పని. ఎట్టా చూపియ్యాలో నాకు తెలవదు. వచ్చిననాడు నీకే తెలుసుద్ది," అని ఊరుకున్నాడు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పని మనిషి.

పబ్లిక్ పరీక్షలో ఖాళీలు రానే వచ్చాయి. మాటలన్నీ కళ్ల ముందు కలగాపులగం అయిపోయాయి. కలం పక్కన పెట్టి, చెయ్యి పైకెత్తి ఒక్కొక్క పట్టూ పట్టి చూసుకోవటం మొదలుపెట్టాను.

"ఏమే, ఎవరికా సైగలు?"

కాపలా ఉన్న మాస్టారు నా పేపరు మీద చెయ్యి వేశారు. తీసుకుంటే ఇక అంతే... మిరప తోటే.

"సైగలు కాదండి... మాటలు గుర్తుచేసుకుంటన్నా."

"ఏదీ, ఇది చెయ్," అన్నారు ఒక మాట మీద వేలు పెట్టి. గ్రిప్. నేను డెస్కు అంచును బిగబట్టాను. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. పక్క మాట చూపించారు. స్నాచ్. ఆయన చేతిలోని సుద్దముక్క చటుక్కున లాగేశాను.

మాస్టారు సుద్దముక్క తిరిగి తీసుకున్నారు. తర్వాత పేపరు మీది చెయ్యి తీశారు. "చేసుకో... కాకపోతే చెయ్యి డెస్కు కింద పెట్టి చేసుకో," అని ముందుకు నడిచారు.

ఇంగ్లీషులో యాభై నాలుగు వచ్చాయి.

మార్కుల కాగితంతో షెడ్డుకు పరిగెత్తాను. బాబాయి మోచేతుల దాకా గ్రీజులో ఉన్నాడు. కాగితం అందుకోబోయి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నువ్వే పట్టుకో అమ్మాయ్, నేను చదువుతా." నేను రెండు చేతులతో ఆయన కళ్ల ముందు పట్టుకున్నాను. అన్ని సబ్జెక్టులూ, కింద సంతకం దాకా, నిదానంగా చదివాడు. ఒక మార్కుల కాగితాన్ని అంత గౌరవంగా చదివిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మరుసటి జూన్‌లో నేను ఎనిమిదిలో చేరాను. కొత్త పుస్తకాలకు అట్టలు వేసింది మా నాన్నే.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, బాబాయీ లేడు. మా అమ్మాయి ఫోను మీద వేలు పెడితే చాలు, ఒక తెలుగు మాటకు పది ఇంగ్లీషు మాటలు వరసగా వస్తాయి. మంచిదే... కానీ ఆ మాటలకు బరువు ఉంటుందని, కొన్ని జారతాయని, కొన్నిటికి మణికట్టు నొప్పి పుడుతుందని ఆ పిల్లకు ఎలా చెప్పాలో నాకు తెలియటం లేదు.

బడి బయట మీకు చదువు చెప్పిన మనుషులు ఎవరు? వాళ్లు ఏం పని చేసేవాళ్లు? కింద రాయండి... తీరికగా కూర్చుని అన్నీ చదువుతాను.