కాల్చిన పొడి, కంది విత్తనం

ఆ రోజుల్లో మా వైపు కరువు ఏడాదికేడాది వచ్చేది గానీ, తెలివి మాత్రం నాకు ఒక్క ఏడాదిలోనే మొత్తం వచ్చేసింది. డిగ్రీలో కెమిస్ట్రీ తప్పి (రెండుసార్లు, మీరు అడగకపోయినా చెప్పేస్తున్నాను), అనంతపురంలో ఒక శెనగనూనె మిల్లులో చేరిన ఏడాది అది. డెబ్బైల చివర. నా పని నూనె వడగట్టే యంత్రం దగ్గర. నూనెలో మెత్తటి తెల్ల పొడి కలిపి గుడ్డల గుండా తోస్తే, మడ్డి అంతా ఆగిపోయి నూనె తేటగా దిగేది. ఆ పొడి ఏమిటని అడిగితే మిల్లు కెమిస్టు కళ్ళజోడు తుడుచుకుంటూ, అదొక రకం మట్టి అని, ఏనాడో నీళ్ళలో బతికిన కంటికానని నాచు పెంకులు పేరుకుని అలా అయిందని చెప్పాడు. మూడేళ్ళుగా వంకలో నీళ్ళే చూడని నాకు అది కట్టుకథలాగా వినబడింది.

"దీంట్లో రెండు రకాలుండాయప్పా. పచ్చి రకం గింజల్లో కలుపుతారు, అది పురుగు ఒంటిమీద మైనం గీకి, ఎండబెట్టి చంపుతాది. మన దగ్గరుండేది కొలిమిలో కాల్చింది. నూనె వడగట్టనీకే పనికొస్తాది. పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు గుడ్డ కట్టుకో" అన్నాడాయన. నేను బుద్ధిగా తలూపాను. గుడ్డ మాత్రం కట్టుకోలేదు (కట్టుకుంటే కొత్తగా పెంచిన మీసం కనబడదు కదా).

మా ఊరు కంబదూరు పక్కన. నాయన పోయినాక సేద్యం అమ్మే చూసేది. వేరుశెనగ విత్తనం ఆకలికి తినేశాం. ఆ ఏడు ఎట్లో పండిన అరబస్తా కందులే మాకు మిగిలిన విత్తనం. అది పోతే మరుసటి ఏడు చేను బీడే. ఆ కందులకు పూయడానికి అమ్మ ఎప్పటిలాగే ఎర్రమట్టి కలుపుతోంది. మట్టి పట్టించి ఎండబెడితే పుచ్చు పట్టదని మా వైపు నమ్మకం. మిల్లులో చిరిగిన సంచిలోంచి రాలిన తెల్ల పొడిని కెమిస్టుకు చెప్పకుండా మూటగట్టుకుని నేను దిగబడింది సరిగ్గా అప్పుడే.

"యాడి కాలంలో ఉండావమ్మా! మట్టి పూస్తే పురుగు చస్తాదా?"

"మా అమ్మ పూసింది, మా అవ్వ పూసింది. విత్తనం యానాడూ పోలేదే."

"ఈ పొడిలో పచ్చి రకానికే పురుగు చస్తే, కాల్చినదానికి ఇంకెంత చస్తాదో సూడు. పచ్చి ఇటుక గట్టిదా, కాల్చిన ఇటుక గట్టిదా?"

"సరేలే, సదివినోనివి నువ్వు" అని అమ్మ మట్టి చేతులు కడుక్కుంది. తలుపు మూసి ఇద్దరం కందుల్లో పొడి కలిపి బానలో పోశాం. ఇల్లంతా తెల్లటి దుమ్ము. నా మొహం చూసి మా కుక్క మొరిగింది. "ఏమప్పా ఇది, గొంతులో ముల్లు దిగినట్లుండాది" అని అమ్మ ఎనిమిది రోజులు దగ్గింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోమని చెప్పాలని కూడా నాకు తోచలేదు. ఆ ఒక్కటి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మృగశిర కార్తెలో ఒక్క పదును వాన పడింది. అమ్మ ఆశగా బాన మూత తీసింది. పైనున్న ప్రతి గింజకూ బొక్క. కాలిస్తే ఆ తెల్ల పొడికి పురుగును చంపే గుణమే తగ్గిపోతుందట, తర్వాత తెలిసింది. పురుగులు ఒంటినిండా తెల్లగా పూసుకుని, పెళ్ళికి బయల్దేరినట్లు తిరుగుతున్నాయి. నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను. అమ్మ లేచి వెళ్ళి చాట తెచ్చుకుంది. తిట్టినా బాగుండేది. పదును ఆరేలోపల ఇద్దరం కూర్చుని పుచ్చని గింజలు ఏరితే చాటెడు కూడా కాలేదు. నాలుగు సాళ్ళు వేశాం. మిగిలిన చేనంతా అట్లే ఉండిపోయింది.

ఆ తర్వాత చినుకు లేదు. పక్క చేన్లలో మొలిచినదంతా మాడిపోయింది, మా నాలుగు సాళ్ళతో సహా. గట్టు మీద నిలబడి చూస్తున్న అమ్మను ఓదార్చాలనుకున్నాను (తెలివి ఇంకా దిగలేదు మరి). "సూడమ్మా, విత్తనం బాగుండి అంతా ఏసినా పోయేదే. మనకేం నష్టం లేదు" అన్నాను.

అమ్మ అప్పుడు ఏడ్చింది. "పోతే వాన చేతిలో పోయుండేది కదరా" అంది.

ఆ ఇరవై రెండేళ్ళ ఇటుకల పండితుడు నాకు ఇప్పుడు నవ్వు తెప్పిస్తాడు. వాడి మీసమూ, వాడి ధీమా! అమ్మ మాట తలుచుకుంటే మాత్రం ఆ నవ్వు అక్కడే ఆగిపోతుంది.