వరద తగ్గాక మామయ్యతో లారీ దగ్గరికి

మొన్న మంగళవారం పొద్దున్న మా మామయ్య పోయారు. నర్సరావుపేట ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి, "నాన్న లేడు" అన్నాడు. నేను "టిఫిన్ తిన్నారా?" అని అడిగాను. అలా ఎందుకు అడిగానో ఇప్పటికీ తెలియదు. మామయ్య విషయంలో నాకు తెలియకుండా మిగిలిపోయింది ఇంకొకటి ఉంది. అది మీకు చెప్పాలని రాస్తున్నాను.

ఆయన మాచర్ల రాళ్లు తోలే లారీ నలభై ఏళ్లు నడిపి, తర్వాత కొడుకు చేతికిచ్చారు. ఇంట్లో మాటలు తక్కువ. బండి కదిలేముందు మాత్రం చిన్న ఇనప కడ్డీతో ఒక్కో టైరునూ కొట్టి, గాలి సరిపోయిందో లేదో తల వంచి ఆ చప్పుడులో వినేవారు. ఏ డ్రైవరైనా ఫోన్ చేస్తే వసారాలో కూర్చుని ఓపిగ్గా చెప్పేవారు. నేను వంటింట్లో కూరగాయలు తరుగుతూ వినేదాన్ని.

"బండి మునిగిందా? ఒరేయ్, తాళం ముట్టుకోమాక. ముందు ఆయిలు చూడు. నీళ్లు తాగిన ఇంజన్ని లేపావా, లోపల రాడ్లు వంగిపోతయ్."

పోయిన ఏడాది వానలకు వాగు పొంగి, క్రోసూరు దగ్గర రైసుమిల్లు పక్కన నిలిపిన మా లారీయే మునిగింది. అప్పుడు మా ఆయన కాలు విరిగి మంచంలో ఉన్నాడు. నీళ్లు తీశాక మామయ్య తువ్వాలు భుజాన వేసుకుని, "అమ్మాయ్, నువ్వు రా" అన్నారు. అంతకుముందెప్పుడూ నన్ను బండి దగ్గరికి పిలవలేదు.

లారీ తలుపు మీద సగం ఎత్తున బురద గీత ఉంది. చక్రాల్లో పత్తిచేల చెత్త చుట్టుకుంది. మామయ్య చుట్టూ ఒకసారి తిరిగి, క్యాబిన్ ఎక్కి, తడి సీటులో కూర్చుని తాళం పెట్టారు. చెయ్యి తిప్పబోతోంది.

"మామయ్యా, వద్దు!"

పన్నెండేళ్ల కాపురంలో ఆయన ముందు నేను గొంతెత్తింది అదే మొదలు. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఏందమ్మాయ్?"

"ముందు ఆయిలు చూడాలి గదా. అందరికీ మీరే చెబుతారు గదా."

"నేనా?" అన్నారు. కాసేపు నా వంకే చూసి, "అయితే చూడు" అంటూ దిగారు.

బానెట్ ఎత్తి, ఆయిలు చూసే కడ్డీ ఎక్కడుందో చూపించారు. బయటికి లాగాను. నల్లగా ఉండాల్సిన ఆయిలు పాలెక్కువైన టీలా ఉంది.

"లోపలికి చానా నీళ్లు పోయినయ్" అన్నారు మామయ్య. బ్యాటరీ వైరు నాచేత ఊడదీయించారు. ఎయిర్ ఫిల్టర్ విప్పిస్తే బురద కారింది. ఏది ముందో, ఏది తర్వాతో ఒక్కచోట కూడా తడబడలేదు. ఇంత తెలిసిన మనిషి తాళమెందుకు పెట్టారు?

ఇంటికొచ్చాక మా ఆయన అడిగితే, "అమ్మాయి చూసిందిలే" అన్నారంతే మామయ్య. ఆ ఒక్క ముక్కకే పొంగిపోయాను. తాళం సంగతి చెప్పాలా వద్దా అని తేల్చుకోలేక ఊరుకున్నాను. నాలుగు నెలలకు మామయ్య టీకొట్టు నుంచి ఇంటిదారి మర్చిపోయారు. మతిమరుపు చాన్నాళ్ల కిందటే మొదలైందన్నారు డాక్టరు. ఆ రోజే నేను నోరు విప్పి ఉంటే ఎలా ఉండేదో.

ఒకసారి ఆయన్నే అడిగేశాను. "ఆ రోజు నన్ను పరీక్షించారా మామయ్యా, మర్చిపోయారా?"

ఆయన నవ్వారు. "ఏదైతే ఏందమ్మాయ్, బండి బతికింది గదా."

గుర్తుండే అన్నారో, నా మనసు కుదుటపరచడానికి అన్నారో తేల్చుకోలేకపోయాను. ఇక అడగడానికి మనిషి లేరు.

ఆయన్ని తలుచుకుంటే మెకానిక్ లారీని బాగుచేసి తొలిసారి స్టార్ట్ చేసిన పొద్దు కళ్లలో మెదులుతుంది. మామయ్య ముందుకెళ్లి రెండు అరచేతులూ బానెట్ మీద ఆనించి కళ్లు మూసుకున్నారు. ఇంజన్ అదురుకు ఆయన మోచేతులు, భుజాలు, తెల్లటి గడ్డం సన్నగా వణుకుతున్నాయి. మెకానిక్ ఆపేసిన తర్వాత కూడా ఆయన చేతులు తియ్యలేదు.