చీలని డెక్క

మా ముత్తాత అల్లాదుర్గ్ వైపు పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాతగారి లాయంలో తొమ్మిది గుర్రాలు ఉండేవి. నాన్నగారి నాటికి మెదక్ ఇంట్లో మిగిలినవి ఒక ముసలి ఆడగుర్రం, దాన్ని సాకే మనిషి.

అతను పెద్ద చర్చికి వెళ్లేవాడు. ఏ పశువు కనిపించినా కాలు ఎత్తి చూసేవాడు. డెక్క చీలి ఉండి, నెమరు వేసేదే తినదగినదని బైబిల్లోని లేవీయకాండం చెబుతుంది. గుర్రానికి ఆ రెండూ లేవు.

"దేవుడు తినద్దన్నడు గని సాకద్దన్నడా?" అనేవాడు.

ఇంటింటికీ రంగుల టీవీలు వస్తున్న రోజుల్లో మాకు గడ్డి కొనడమే భారమైంది. ఊళ్లో డేరా వేసిన సర్కస్ మేనేజరు వచ్చి, పులుల మేతకు గుర్రాన్ని అడిగాడు. నాన్నగారు సరేనన్నారు.

గుర్రాన్ని సాకే మనిషి దాని కాలు ఎత్తి చూపించాడు. "చూడుండ్రి సారూ, డెక్క చీలలేదు. ఇది తిండికి గాదు."

మేనేజరు నవ్వాడు. "తినేది నేనా తాతా? పులులు. అవి నీ బైబిల్ చదివినయా?"

"పులులు చదవలేదు. నేను చదివిన." పగ్గం వదలకుండానే నాన్నగారి వైపు తిరిగాడు. "గడ్డి నేను కోసుకొస్త దొరా. దీన్ని మాత్రం ఇయ్యకుండ్రి."

ఇరవై ఏళ్లుగా నాన్నగారు అతన్ని 'వాడు' అనే అనేవారు. ఆ రోజు మేనేజరుతో, "ఆయన చెప్పింది విన్నవు గద. ఇగ పో," అన్నారు.

సాయంత్రం అతను ఆ గుర్రాన్ని సర్కస్ డేరా ముందు నుంచే, నడిబజారులో, తల ఎత్తి నడిపించుకెళ్లాడు. పక్కన నేనూ నడిచాను.

ఆ నెలలోనే తాతగారి నాటి వెండి అంచుల జీను, బగ్గీ అమ్మేశాం. గుర్రాన్ని అమ్మలేదు.