నోరు మెదపని ప్రయాణం

నాకు భయం. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. బల్లికి భయం, బస్సు ఫుట్‌బోర్డుకు భయం, పెళ్లయిన కొత్తలో మా ఆయన నేర్పిన సైకిలుకు మరీ భయం. అలాంటిదాన్ని పట్టుకుని ఆ మహానుభావుడు, పెళ్లిరోజుకు నగా నట్రా కాదు, శ్రీలంక వెళ్లి సైకిళ్లు తొక్కుదామన్నాడు. ఆదివారం పొద్దున్నే మా చైతన్యపురి నుంచి పెద్ద అంబర్‌పేట్ దాకా ఆయన ముందు, నేను వెనక, రెండు బ్రేకుల మీదా వేళ్లు పెట్టుకుని తొక్కిన అలవాటుంది కదా, ఏమవుతుందిలే అని తలూపాను. టికెట్లు కొన్నప్పుడు ఊరు సద్దుమణిగే ఉంది. తీరా బయలుదేరే రోజుకు బంద్.

మాది కోస్తా కుటుంబం. నేను పుట్టకముందే మా నాన్న దిల్‌సుఖ్‌నగర్ వచ్చి స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. ఇక్కడే పుట్టాను, ఇక్కడే చదివాను, ఇక్కడి అల్మాస్‌గూడ అబ్బాయినే చేసుకున్నాను. కానీ నా నోటికి పట్టింది మాత్రం అమ్మ మాటే. ‘అండీ’ లేకుండా నాకు వాక్యం పూర్తవదు. మామూలు రోజుల్లో దాన్నెవరూ పట్టించుకునేవారు కాదు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఆ రోజుల్లో నోరు తెరిస్తే చాలు, మీదే ఊరని అడిగేవాళ్లు. అడిగి నన్నెవరైనా ఏమైనా చేశారా అంటే, లేదు. కానీ ఒక బంద్ నాడు మా నాన్న కొట్టు అద్దం పగిలింది. ఎవరు కొట్టారో తెలియదు. ఆ చప్పుడు మాత్రం నా చెవుల్లోంచి పోలేదు.

అందుకని మా ఇద్దరి మధ్యా ఒక ఏర్పాటు ఉండేది. గొడవ రోజుల్లో బయటికి వెళితే మాట్లాడేది ఆయన. నేను నోరు మెదపకూడదు. నా మాట జారితే దెబ్బలు తినేది పక్కనున్న ఆయనేనని నాకు గట్టి నమ్మకం. కోస్తా నుంచి వచ్చిన మరికొన్ని ఇళ్లలోనూ ఇలాంటి ఏర్పాటే ఉండేదని తర్వాత తెలిసింది.

ఆటోలు లేవు, బస్సులు లేవు. సైకిళ్ల మీద అల్మాస్‌గూడలోని మా అత్తగారింటికి చేరితే, అక్కడి నుంచి మా మరిది, అతని స్నేహితుడు ఊళ్ల మీదుగా బండ్ల మీద మమ్మల్ని విమానాశ్రయంలో దింపుతారు. సామాన్లు వీపుకు తగిలించుకుని బయలుదేరాం. గల్లీల్లోంచి పోదామండీ అన్నాను.

“గల్లీల ఎవడన్న ఆపితే అడిగేటోడుండడు. నలుగురున్న రోడ్డే నయం. నువ్వు నోరు మెదపకు, నేను చూసుకుంట,” అన్నాడాయన.

ఎల్బీనగర్ చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయి. నల్లటి పొగ కళ్లలోకి, ముక్కులోకి దూరి ఊపిరాడనివ్వలేదు. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు పెట్టి పెద్ద గిన్నెల్లో వంట చేస్తున్నారు. వంటావార్పు అనేవారు దాన్ని. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని, నిరసన చెప్పడం. కండువాలు వేసుకున్న కొందరు మా సైకిళ్లకు అడ్డం వచ్చారు.

“ఏడికి పోతున్నరన్నా? బందని ఎర్కలేదా?”

“అల్మాస్‌గూడ. మా ఇల్లే. సైకిళ్లే గదనే, మోటర్ లేదు గీటర్ లేదు.”

“వదిన ఏం మాట్లాడ్తలేదేంది?”

ఆయన తడుముకోలేదు. “ఆమెకు గొంతు పోయింది. మాట్లాడొద్దన్నడు డాక్టరు.”

నేను గొంతు మీద చెయ్యి వేసుకుని ఏడుపు మొహం పెట్టాను. అందులో నటన ఏమీ లేదు, అసలు మొహమే అది. వాళ్లకు జాలి కలిగినట్టుంది, అయితే తిని పొమ్మన్నారు. గరిటె పట్టుకున్న పెద్దావిడ ఒకామె, నుదుట రూపాయంత బొట్టుతో, నన్ను చెయ్యి పట్టుకుని పొయ్యి పక్కనే కూర్చోబెట్టి విస్తరాకులో కిచిడీ వడ్డించింది. తింటున్నాను కానీ నోట్లో ఉన్నది అన్నమో మట్టో నాకు తెలియడం లేదు.

“ఉప్పు సరిపోయిందా బిడ్డా?” అని వంగి అడిగింది ఆమె.

మంచిగుందని గట్టిగా తలూపాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, కొంగు ముడి విప్పి నాలుగు మిరియాలు, ఇంత పటికబెల్లం ముక్క నా చేతిలో పెట్టింది. “బుగ్గన పెట్టుకో. అంత మంచిగైతది,” అంది. నాకు ‘థాంక్సండీ’ అన్న మాట పెదాల దాకా వచ్చేసింది. నాలుక కరుచుకున్నాను.

అల్మాస్‌గూడ మలుపు తిరిగాక ఆయన పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. “గొంతు పోయిందని అంటారా ఎక్కడైనా? తథాస్తు దేవతలు వింటే?” అన్నాను. నోటితో చెడ్డమాట అంటే పైన తిరిగే తథాస్తు దేవతలు ‘అలాగే అవుగాక’ అంటారని మా అమ్మ చిన్నప్పటి నుంచీ నూరిపోసింది.

“వాళ్లు మాపటి పూట గదే తిరిగేది,” అన్నాడు.

ఆ పొగలో పొద్దేదో మాపేదో వాళ్లకు మాత్రం ఏం తెలిసి చచ్చింది. మర్నాడు శ్రీలంకలో, సముద్రం పక్కన చిన్న లాడ్జిలో నిద్ర లేచి ‘ఏమండీ’ అని పిలవబోతే నాకు గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించాను. గురగుర. నా పై ప్రాణాలు పైనే పోయాయి. టైర్ల పొగ పడలేదంతే, రెండ్రోజుల్లో అదే వస్తుందని ఆయన. రాకపోతే అని నేను, కాగితం మీద రాసి.

మొదటి రోజు అద్దె సైకిళ్ల మీద చదును రోడ్డు. ఒక పక్క సముద్రపు పాయ, ఇంకో పక్క కొబ్బరితోటలు, ఎర్రటి బోండాల గెలలు వేలాడే కొట్లు. బోర్డుల మీది అక్షరాలు గుండ్రంగా, దూరం నుంచి మన తెలుగులాగే ఉండేవి. దగ్గరికెళితే ఒక్కటీ అర్థమయ్యేది కాదు. పరాయి దేశంలో ఉన్నామన్న సంగతి నాకు ఆ అక్షరాల దగ్గరే తెలిసింది. ఆ ఊరి బస్సులు మాత్రం హారన్ కొట్టి, మనం తప్పుకునేలోపే మోచెయ్యి రాసుకుంటూ వెళ్లిపోయేవి. బస్సు వెళ్లినప్పుడల్లా ఆయన ఉన్నాడా లేడా అని చూసుకోవడమే నా విహారం.

వాళ్ల అంతర్యుద్ధం ముగిసి ఎంతో కాలం కాలేదు. రెండో రోజు ఒక వంతెన దగ్గర తుపాకులతో సైనికులు ఆపారు. ఒకతను నన్నే ఏదో అడిగాడు. నేను గొంతు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాను. ఈసారి అబద్ధం కాదు, అయినా అబద్ధమాడినట్టే చూపు దించేసుకున్నాను. అతను నా పాస్‌పోర్టు చూసి, నవ్వి, వెళ్లమన్నాడు. ఆ వంతెన దాటేదాకా వెనక నుంచి ఎవరో పిలుస్తారనే అనుకున్నాను.

ఆ సాయంత్రం సైకిళ్లు అద్దెకిచ్చినవాళ్లు సైకిళ్లతో సహా మమ్మల్ని వ్యానులో ఎక్కించి కొండ మీది ఊళ్లో దింపారు. తెల్లారి అక్కడి నుంచి టీతోటల మధ్యగా కిందికి దిగడం. ఒక వైపు కొండ, ఒక వైపు లోయ. రాత్రి వాన కురిసి రోడ్డు తడిగా ఉంది. “జర మెల్లగ రా. బ్రేక్ వదలకు,” అన్నాడు. నేను వదలడమా? బ్రేకులు పట్టీ పట్టీ నా వేళ్లు కొయ్యబారిపోయాయి.

ఆయన రెండు విద్యుత్ స్తంభాల దూరం ముందున్నాడు. అప్పుడు చూశాను. సైకిలు వెనక కట్టుకున్న రెయిన్‌కోటు ముడి వదులై, చెయ్యి ఒకటి కిందికి జారింది. గాలికి ఊగుతూ వెనక చక్రం వైపు పోతోంది, వస్తోంది. చువ్వల్లో చిక్కితే చక్రం అక్కడే బిగుసుకుపోతుంది. ముందు మలుపు. మలుపు అవతల ఏమీ లేదు, పొగమంచు.

అరిచాను. గురగుర. బలమంతా కూడదీసుకుని మళ్లీ అరిచాను. నా చెవులకే వినపడలేదు. బెల్లు కొట్టాను, ఆపకుండా కొట్టాను. ఆయన వెనక్కి తిరగకుండానే చెయ్యి పైకెత్తి తిరిగి బెల్లు కొట్టాడు. పెద్ద అంబర్‌పేట్ రోడ్డు మీద మా సరదా అది.

నా మొగుడు నా కళ్లముందే పోతున్నాడు, నేను పిలవలేకపోతున్నాను. ఆ క్షణంలో నాకు కలిగిన భయం ముందు ఎల్బీనగర్ భయం, తుపాకుల భయం ఏ పాటివి. రెండు బ్రేకులూ వదిలేశాను. సైకిలు నేర్చుకున్నాక నేనా పని చేసింది అదే మొదలు. గాలికి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, హ్యాండిలు గడగడా వణుకుతోంది, ఆంజనేయస్వామి తప్ప ఇంకేమీ గుర్తులేదు. ఆయన పక్కకు చేరి వెనక చక్రం వైపు వేలు చూపించాను. నేను పక్కన కనబడటమే ఆయనకు దయ్యం కనబడినట్టయింది. బ్రేకు వేశాడు. నేను వేద్దామనుకునేలోపే కొండవైపు టీచెట్లలోకి దూసుకుపోయాను.

“పిచ్చి లేసిందా నీకు? సచ్చిపోదువు గద,” అని అరుస్తూ పరుగెత్తుకొచ్చి, చెట్లలోంచి నన్ను లాగాడు. మోకాళ్లు, మోచేతులు గీరుకుపోయాయి, అంతకంటే ఏమీ కాలేదు. నేను మళ్లీ ఆయన సైకిలు వైపే చూపించాను. రెయిన్‌కోటు చెయ్యి అప్పటికే రెండు చువ్వలకు చుట్టుకుని ఉంది. ఆయన దాన్ని చూశాడు, మలుపు చూశాడు, తడి రోడ్డు మీద అలాగే చతికిలబడ్డాడు.

కాసేపటికి లేచి, ఆకాశం వైపు రెండు చేతులూ జోడించి, ఆ లోయంతా వినపడేట్టు అన్నాడు. “దీని గొంతు మంచిగున్నది. మంచిగున్నది. మంచిగున్నది.”

అక్కడి తథాస్తు దేవతలకు కూడా తెలుగు వచ్చో ఏమో, మర్నాటికి నా గొంతు కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. తిరిగొచ్చాక నేను మాట్లాడిన మొదటి మాట ‘ఏమండీ’. ఆయన తినడం ఆపి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మేం ఇంటికొచ్చేసరికి బంద్ లేదు కానీ ఎల్బీనగర్‌లో రోడ్డు పక్క దీక్షా శిబిరం ఉంది. ట్రాఫిక్‌లో మా ఆటో సరిగ్గా దాని ముందే ఆగింది. శిబిరంలో ముందు వరసలో ఆ పెద్దావిడ. నన్ను గుర్తుపట్టి లేచి, ఆటో దగ్గరికి వచ్చింది. చుట్టూ అందరూ మావైపే చూస్తున్నారు.

“గొంతు వచ్చిందా బిడ్డా?”

ఆయన నోరు తెరవబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. కొండ మీద పిలవాల్సినప్పుడు గొంతు రాక నేను పడ్డ నరకం నాకు తెలుసు. ఇప్పుడు ఉన్న గొంతును నేనే నొక్కుకోలేను. ఆవిడవైపు తిరిగి అన్నాను.

“వచ్చిందండీ. మీ మిరియాలు నాకు చాలా మంచి చేశాయండీ.”

ఆ రెండు ‘అండీ’లూ అక్కడ అందరికీ వినిపించాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

“అది గొంతు బాధ గాదని నాకు ఆ పొద్దే ఎర్కైంది బిడ్డా. ఆ కిచిడీల నేను ఉప్పెయ్య మర్సిన. తిన్నోళ్లందరు నన్ను తిట్టిన్రు. నువ్వొక్కదానివే మంచిగున్నదని తలకాయ ఊపినవ్. ఉప్పు లేంది తెల్వకుండ తింటున్నదంటే ఎంత భయపడ్డదో గీ పిల్ల అనుకున్న. భయానికి మందు నా దగ్గర యాడున్నది? కొంగుల మిరియాలుంటే ఇచ్చిన.”

ఆటో కదిలింది. చైతన్యపురి వచ్చేదాకా ఆయన ఏమీ మాట్లాడలేదు, నేనే మాట్లాడుతూ వచ్చాను.