మంగతాయారు ఆంటీ పాడని చరణం

మంగతాయారు ఆంటీ రౌస్ హిల్‌లో ఒక వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేస్తారు. ద్వారకానాథ్ అంకుల్ స్కూలు బస్సు నడుపుతారు. దగ్గర్లోని ద పాండ్స్ పేటలో వాళ్ళింటి వెనక గదిలో నేను అద్దెకుంటూ జానపద గాథల మీద థీసిస్ రాస్తున్నాను.

ఏటా ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది సభలో వాళ్ళిద్దరూ ఒక పాట పాడతారు. షావుకార్ల ఇళ్ళు దోచి కొండలెక్కిన సింగన్న, అతని కోసం ఇల్లు వదిలిన బంగారి, వాళ్ళ కథ అది. సింగన్న చరణాలు అంకుల్‌వి, బంగారివి ఆంటీవి. పోలీసులు గుహను చుట్టుముట్టగానే ఆంటీ మంగళం ఎత్తుకుంటారు. పసుపుకుంకాలున్న మనిషి చావు చరణం పాడకూడదట. ఆ ఆచారం మీద రెండు పేజీలు రాసేశాను కూడా.

కానీ చివరి చరణం లేకపోతే నా థీసిస్ అసంపూర్ణం. మొన్న ఎడ్మండ్‌సన్ పార్క్ పేటలో, జానపదాలు పోగుచేసే వాసుదేవరావు గారి దగ్గర ఈ పాటున్న పాత క్యాసెట్టు దొరికింది. ఫోన్లో ఎక్కించుకుని శనివారం పొద్దున పరుగున వచ్చాను. ఆంటీ రొయ్యలు ఒలుస్తున్నారు. మాటలు కూడా పట్టుకోవాలని పక్కన రికార్డర్ పెట్టాను.

"వినిపించమ్మా," అన్నారు అంకుల్. "ముప్పైఎనిమిదేళ్ళుగా నన్ను గుహలోనే కూర్చోబెట్టింది. చావనివ్వదు, బయటికి రానివ్వదు."

"చాల్లెండి. మీ స్కూలు బస్సు కన్నా గుహే నయం."

ఫోన్లో ఎవరో ముసలావిడ గొంతు. సింగన్న కూలాడు, బంగారి కూలింది. ఆపైన నేనెరగని మాట: తల్లి ఒడిలోనే పసిగుడ్డు కన్నుమూసిందని.

ఆంటీ చేతులు ఆగాయి. "బిడ్డ పోలేదు."

"మీ దగ్గర ఈ చరణానికి ఇంకో పాఠం ఉందా ఆంటీ?" అంటూ నోటుబుక్కు తెరిచాను.

"పాఠం కాదే తల్లీ. ఆ బిడ్డని నేనే."

అంకుల్ నవ్వబోయి ఆవిడ ముఖం చూసి ఆగిపోయారు. "మీ నాన్న రైల్వే గ్యాంగ్‌మన్ కదే?"

"పెంచిన నాన్న. కొండ మీద కట్టెలకెళ్ళినావిడ నన్ను తెచ్చి ఆయనకిచ్చిందంట. కన్నవాళ్ళని మర్చిపోకూడదని ఈ పాట ఆయనే నేర్పాడు. దొంగ కూతుర్నంటే మీ అమ్మ గడప తొక్కనిచ్చేదా?"

"అమ్మకి సరే, నాక్కూడా చెప్పవా? ఇన్నేళ్ళూ నాతో మీ నాన్న పాట పాడించావా?"

"ఇంకెవరితో పాడించను?"

అంకుల్ సింకు అంచు పట్టుకుని నిలబడ్డారు. నాకు సిగ్గేసింది. రికార్డర్ ఆపబోయాను.

"ఆపకు," అన్నారు ఆంటీ. "ఆ క్యాసెట్టావిడ నన్ను చంపేసింది. నీ పుస్తకంలో అలా ఉండకూడదు. ఏమండీ, మీరెత్తుకోండి. చావుకి ముందు, కట్టెలావిడ చేతికి బిడ్డని అందించే చరణం సింగన్నదే. ఇదుగో, పదాలు చెబుతాను."

రెండు సార్లు చెప్పారు. అంకుల్ మొదటి మాట ఎత్తుకుని, వదిలేసి తల అడ్డంగా ఊపారు.

ఆంటీ రొయ్యల గిన్నె పక్కకి జరిపారు. చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుని, తన తండ్రి చరణం తానే ఎత్తుకున్నారు.