తోకపెట్టెకు శాలువా

మా బావ విశ్వనాథానికి చేతిలో శాలువా ఉంటే కాళ్లు నిలవవు, కప్పడానికి ఒక భుజం కోసం వెతుక్కుంటూ బయల్దేరతాడు. ఇది కోపంతో అంటున్న మాట కాదు. కోపం ఉంది, అది వేరే సంగతి. ఆయన మా అక్క గిరిజకు మొగుడు, తణుకు మనిషి. మాస్టర్స్ చదవడానికి జర్మనీలో కెమ్నిట్జ్ అనే ఊరు వచ్చి, చదువయ్యాక ఇక్కడే ఒక యంత్రాల కంపెనీలో చేరి ఇరవై ఏళ్లు దాటింది. ఇండియా వెళ్లొచ్చినప్పుడల్లా ఆయన సూట్‌కేసులో ఆవకాయ సీసాలు తగ్గుతాయి, జరీ అంచు శాలువాలు పెరుగుతాయి. వాళ్ల బిల్డింగు మరమ్మతులు చూసే హౌస్‌మైస్టర్ రిటైరైన రోజు బాయిలర్ గదిలోనే ఆయనకు సన్మానం జరిగిపోయింది. పళ్ల డాక్టరమ్మకు కూడా జరిగింది. పన్ను పీకించుకుని, నోట్లో దూది ఉండగానే బావ ఆవిడ భుజాల మీద శాలువా కప్పి దణ్ణం పెట్టాడు.

నేను ఆయన బావమరిదిని, పేరు రోహిత్. అదే ఊళ్లో ఉద్యోగం. బావ బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అని మనవాళ్ల సామెత. ఆ సామెత కట్టినవాడికి ఇలాంటి బావ ఉండి ఉండడు. ఎందుకంటే ఈ సన్మానాలన్నిటికీ వ్యాఖ్యాతను నేనే.

శనివారం వచ్చిందంటే బావ ఇంట్లో ఉండడు. ఊరి చివర పాత ట్రామ్ డిపో ఒకటుంది. తిరిగి తిరిగి రిటైరైన ట్రాములను అందులో ఉంచి, తుడిచి, రంగులు వేసి, నెలకోసారి జనానికి చూపిస్తారు. ఈ మ్యూజియాన్ని నడిపేది ఒక ఫెరైన్, అంటే జీతాలు లేని సంఘం. సభ్యుల్లో ఎక్కువమంది పాత డ్రైవర్లు, ఫిట్టర్లు. జీతం లేని పనికి అంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు. స్క్రూడ్రైవర్ తీసినచోట పెట్టకపోతే దాని మీద ఒక సమావేశం జరుగుతుంది. వాళ్లందరి మధ్య మా బావ ఒక్కడే తెలుగువాడు.

ఆ డిపోలో ఇత్తడి పిడులు మెరిసే ట్రాములున్నాయి, చెక్క సీట్లవి ఉన్నాయి, గుర్రాలు లాగిన కాలంనాటిది కూడా ఉంది. అవన్నీ వదిలేసి మా బావ మనసు పారేసుకున్నది 713 నంబరు వెనక పెట్టె మీద. దానికి మోటారు లేదు, డ్రైవరు లేడు. ముందున్న ట్రామ్ ఎటు లాగితే అటు పోవడమే దాని బతుకంతా. నేను దానికి తోకపెట్టె అని పేరు పెట్టాను. బావ దాని తుప్పు గోకేవాడు, కిటికీల రబ్బర్లు మార్చేవాడు, సొంత ఇంట్లో ఏనాడూ చీపురు పట్టనివాడు దాని సీట్ల కింద బోర్లా పడుకుని తుడిచేవాడు. అందులో ఏముందని అక్క ఎన్నిసార్లు దెప్పినా, మంచి బండి గిరిజా అనేవాడే గాని ఇంకోమాట పెగిలేది కాదు.

కిందటి శరదృతువులో ఆ మంచి బండికి చెడ్డరోజులొచ్చాయి. ఊళ్లో తిరిగే ట్రాముల్లో ఇంకొకటి రిటైరై మ్యూజియానికి వస్తోంది. డిపోలో జాగా అంతంతమాత్రం. ఒకటి లోపలికి రావాలంటే ఒకటి బయటికి పోవాలి. సంఘం అధ్యక్షుడు ఉలిగ్ అనే పెద్దాయన, ఈ ఊరి పాత ట్రామ్ డ్రైవరు, పొడుగ్గా సన్నగా ఉంటాడు, పండక్కి కూడా నవ్వడు. ఆయన 713 వైపు వేలు చూపించాడు. మోటారు లేదు, ఎవరూ ఫోటో తీసుకోరు, తుక్కుకు ఇచ్చేద్దాం అన్నాడు. అక్టోబరు చివరి శనివారం సభ్యులంతా చేతులెత్తి తేల్చాలి. చేతులన్నీ ఎటు లేస్తాయో అందరికీ తెలుసు. బండి వైపు లేచేది మా బావ చెయ్యి ఒక్కటే.

వారం రోజులు బావ అన్నం సరిగ్గా తినలేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం నన్ను పిలిపించాడు. చూస్తే మొహం వెలిగిపోతోంది. బల్ల మీద శాలువాల సూట్‌కేసు తెరిచి ఉంది. నాకు విషయం అర్థమైపోయింది.

"సన్మానం చేసేద్దాం రా రోహితూ. అంతమందిలో శాలువా కప్పించుకున్న బండిని తుక్కులో ఎలా వేత్తారు? మొహం చెల్లొద్దూ?"

"బావా, మన ఆఫీసుల్లో శాలువా కప్పారంటే రేపట్నుంచి రావద్దని అర్థమండి."

"మరి కవులకి కప్పట్లేదేంటి? కప్పే కొద్దీ రాత్తానే ఉంటారు."

ఓటు రోజునే, ఓటుకు ముందు ఒక చిన్న కార్యక్రమం పెట్టుకుంటానని బావ ఉలిగ్‌ను అడిగాడు. ఆయన కాసేపు నేల చూపులు చూసి, అది పద్ధతైన ఆలోచన అంటూ బావ చెయ్యిని రెండు చేతులతో పట్టుకుని నొక్కాడట. ఉలిగ్ కరిగిపోయాడని బావ ఇంటికొచ్చి స్వీటు తిన్నాడు.

ఆహ్వానం తనే రాశాడు. తన జర్మన్ మీద ఎవరైనా చెయ్యి వేస్తే బావకు ఆస్తిలో వాటా అడిగినంత కష్టం. కార్డుకు బంగారు అంచు కావాలన్నాడు. ప్రింటరు దగ్గర బంగారు రంగు లేదంటే, నలుపైనా హుందాగానే ఉంటుందని నలుపు వేయించాడు. పైన 713 ఫోటో, దాని కింద అది తిరగడం మొదలుపెట్టిన సంవత్సరం, ఒక గీత, తిరగడం మానేసిన సంవత్సరం. ఆ కింద, నీ సుదీర్ఘ సేవకు మా కృతజ్ఞతలు అని ఒక వాక్యం. అడుగున, అనంతరం కాఫీ, భోజనం అని.

ఇక పూలు. బంతిపూలు ఎక్కడా దొరకలేదు గాని, చామంతులు మాత్రం ఆ రోజుల్లో ఏ దుకాణం ముందు చూసినా కుప్పలే. అన్నీ తెల్లవి తీసుకుని పెద్ద దండ కట్టమన్నాడు. పూలమ్మే ఆవిడ చాలా మెల్లగా, దగ్గరివారా అని అడిగింది. చాలా దగ్గర అన్నాడు బావ. ఆవిడ డబ్బు తగ్గించి, భుజం నిమిరి పంపింది. ఈ దేశంలో మనుషులు పైకే మొరటుగాని మనసు వెన్న అని బావ ఆ రోజంతా మెచ్చుకున్నాడు. ఫ్లెక్సీ కూడా వచ్చింది. మధ్యలో తోకపెట్టె, ఒక పక్క బావ, ఇంకో పక్క నేను. నాది వీసా కోసం తీయించుకున్న ఫోటో. అందులో నన్ను చూస్తే బెయిలు రాలేదని తెలిసిపోతుంది.

శనివారం వచ్చింది. అక్క మామిడిపండు రంగు పట్టుచీర కట్టి, పెద్ద డబ్బా నిండా పులిహోర, ఇంకో డబ్బాలో గారెలు తెచ్చింది. సభ్యులు ఒక్కొక్కరే రావడం మొదలైంది. మొదట వచ్చినాయన నల్ల కోటు వేసుకున్నాడు. రెండో ఆయనదీ నల్ల కోటే. వాళ్ల వెనక వచ్చిన ఆడవాళ్లూ నలుపే. నూనె మరకల ఓవరాల్స్‌లో తప్ప నేనెన్నడూ చూడని ఫిట్టర్లు టైలు కట్టుకుని, గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. వచ్చినవాళ్లంతా బావ చెయ్యి పట్టుకుని, తల వంచి, ఏదో గొణిగి పక్కకు తప్పుకుంటున్నారు. ఇదంతా సన్మానానికి ఇచ్చే మర్యాదనుకుని బావ వెలిగిపోతున్నాడు.

ముందు అనుమానం వచ్చింది అక్కకే. శాలువా బండి ముక్కు మీద కప్పేశాక, దండ దానికి చుట్టేంత పొడుగు లేకపోయేసరికి బావ దాన్ని ఫ్లెక్సీలో ఉన్న బండి ఫోటోకు వేశాడు. అక్క మొహం మాడిపోయింది.

"బతికున్నదాని ఫోటోకి దండేశారేంటండీ?"

నేను వెళ్లి ఒక పెద్దావిడను, ఈ చామంతుల సంగతేమిటని మర్యాదగా అడిగాను. ఇక్కడ అవి సమాధుల మీద పెట్టే పూలని ఆవిడ అంతకన్నా మర్యాదగా చెప్పింది. నేను జేబులోంచి కార్డు తీసి మళ్లీ చూసుకున్నాను. నల్ల అంచు, రెండు సంవత్సరాలు, మధ్యలో గీత. మా బావ ఊరందరికీ పంచింది ఆహ్వానం కాదు, చావు కబురు.

అప్పటికే ఉలిగ్ మైకు ముందుకు వచ్చేశాడు. నల్ల టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తన సర్వీసులో ఎన్నో బళ్లు తుక్కుకు పోవడం చూశాను గాని ఒక్కదాన్నీ ఇంత గౌరవంగా సాగనంపినవాళ్లు లేరన్నాడు. తుక్కుకు పంపుతున్నామని ఇన్నాళ్లూ మనసులో ముల్లు గుచ్చుకుంటూ ఉండేదనీ, విశ్వనాథం దయవల్ల ఇవాళ్టితో అది పోయిందనీ అన్నాడు. తర్వాత అందరూ తలలు వంచి మౌనం పాటించారు. ఎవరో ముక్కు చీదారు.

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. బతికించడానికి పెట్టిన సభలో తన చేతులతోనే దినం చేసేశాడు. తోకపెట్టె అని వెక్కిరించింది నేనే, అయినా ఆ మనిషిని అలా వదిలెయ్యలేకపోయాను. ఏం చెయ్యాలో తోచక, కార్యక్రమంలో మిగిలిపోయిన ఆఖరి అంశం చదివేశాను. ఇప్పుడు సన్మాన గ్రహీత స్పందన అన్నాను. నల్ల కోట్లన్నీ తలెత్తి నావైపు చూశాయి. పోయినవాళ్లు లేచి మాట్లాడే ఆచారం ఈ దేశంలో లేదు.

బండి తరఫున బావే మైకు తీసుకున్నాడు. జర్మన్‌లోనే మాట్లాడాడు, నేను మన మాటల్లో చెబుతున్నాను.

"ఇది చావు కార్యక్రమం కాదండీ. మా ఊళ్లో బతికున్నవాళ్లకి కూడా పూలు వేత్తాం. నేనీ ఊరొచ్చిన మొదటి చలికాలం నాకు భాష రాదు, మనిషి తెలీదు. క్లాసు ఇంగ్లీషులో అయిపోయేది, ఆ తర్వాత నన్ను పలకరించే దిక్కుండేది కాదు. స్టూడెంటు పాసుంది కదాని ఈ వెనక పెట్టెలో కూచుని ఆ చివర్నించి ఈ చివరికి తిరిగేవోణ్ణి. ముందు డ్రైవరు మైకులో స్టాపు పేరు చెబితే ఇక్కడ వినపడేది. నేనూ పైకే అనేవోణ్ణి. నా జర్మన్ ఇందులోనే వచ్చింది. ఈ ఊళ్లో నేనెక్కడున్నానో రోజూ నాకు చెప్పింది ఇదొక్కటే."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఆవిడ కూడా వినలేదు.

ఉలిగ్ బావ దగ్గరికి నడిచొచ్చాడు. తర్వాత మైకు లేకుండానే, బావ ఒక్కడితో అన్నట్టుగా మాట్లాడాడు.

"ఆ లైనులో నేనూ నడిపాను. రోజంతా స్టాపుల పేర్లు చెప్పేవాణ్ణి. వెనక పెట్టెలో ఎవరూ వినరనే అనుకున్నాను."

ఎక్కడ కూర్చునేవాడివి అని అడిగాడు. బావ ఎడమవైపు కిటికీ చూపించాడు. ఉలిగ్ మెట్లెక్కి వెళ్లి ఆ సీట్లో కూర్చుని, టోపీ మోకాళ్ల మీద పెట్టుకుని, చెప్పమన్నట్టు తలాడించాడు. బావ మైకులో స్టాపుల పేర్లు వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాటల ఊపు, చివరి అక్షరాలు మింగేసే తీరు, అచ్చం ఈ ఊరి పాత డ్రైవర్లదే. నల్ల కోట్లలో ఒకరిద్దరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఉలిగ్ మాత్రం కిటికీలోంచి డిపో గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

బావ ఆఖరి పేరు కూడా చెప్పేశాడు. ఆ తర్వాత అలవాటు కొద్దీ, చివరి స్టాపు వచ్చింది, అందరూ దయచేసి దిగండి అన్నాడు.

"నేను దిగను," అన్నాడు ఉలిగ్.

ఒక ఫిట్టరు టై వదులు చేసుకుని బండెక్కాడు. ఆయన వెనక చామంతుల పెద్దావిడ ఎక్కింది, ఆవిడ వెనక మిగిలినవాళ్లంతా ఎక్కారు. చేతులెత్తండని ఎవరూ అడగలేదు. అక్క కళ్లు తుడుచుకుని పులిహోర డబ్బాతో ఎక్కింది, గారెల డబ్బా నాకు అంటగట్టింది. సీట్లన్నీ నిండిపోయాయి, నేనూ బావా నిలబడ్డాం. బండి మాత్రం ఉన్నచోటి నుంచి అంగుళం కదల్లేదు. బావ కోరుకున్నదీ అదే.