శాలువా కప్పుకున్న ముసలిరాజు

ఆ రోజుల్లో సింగపూర్‌లో మా తెలుగువాళ్ళ సభ ఏదైనా సరే, శాలువా లేకుండా ముగిసేది కాదు. పాట పాడినవాడికి శాలువా, పద్యం చదివినవాడికి శాలువా, చివరకు మైకు సర్దినవాడికి కూడా శాలువా. (పులిహోర చేసుకొచ్చిన ఆవిడకు మాత్రం ఎందుకో చప్పట్లతోనే సరిపెట్టేవారు.) ఆ శాలువాలన్నీ జురాంగ్ వెస్ట్‌లో మా బాబాయి ఫ్లాట్‌లో, మంచం కింద పెట్టెలో ఉండేవి. కప్పే హక్కు కూడా ఆయనదే. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ పెట్టెలోని ఒక శాలువా నా సంగీతాన్ని మొదట్లోనే ముగించబోయిందంటే నమ్మండి.

నేను చదువుకోవడానికి వచ్చి బాబాయి ఇంట్లోనే దిగాను. నాది చిన్నప్పటినుంచీ బొంగురు గొంతు. హైస్కూల్లో ఉండగానే ఫోనెత్తితే అవతలివాళ్ళు, "నమస్కారమండీ, మీ అబ్బాయి ఉన్నాడా?" అని నన్నే అడిగేవారు. ప్రార్థనలో పెదవులు మాత్రమే కదపమని మా టీచరు బతిమాలుకుంది. అలాంటివాణ్ణి యూనివర్సిటీలో కోరస్ పాడేవాళ్ళతో కలిసి సరదాగా నోరు తెరిస్తే, నేర్పే చైనీస్ మేడమ్ పియానో ఆపేసి, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు నువ్వు?" అంది. ఒపేరా పాడే మగ గొంతుల్లో అన్నిటికంటే కిందిది బేస్ అట. అది దొరకడమే కష్టమట. నా గొంతు ఒకరికి కావలసి రావడం జన్మలో అదే మొదలు. ఆ సాయంత్రం ట్రైన్‌లో ఒక్కణ్ణే నవ్వుకుంటూ నిలబడితే పక్కవాళ్ళు భయపడి జరిగారు.

చదువయ్యాక పగలు బ్యాంకులో ఉద్యోగం, సాయంత్రాలు పాట. చిన్నచిన్న వేషాలు వచ్చాయి. పూజారి, జైలరు, దయ్యం, మరీ అదృష్టం బాగుంటే హీరోయిన్ తండ్రి. ఒపేరాలో ప్రేమలూ దోమలూ అన్నీ పైస్థాయి గొంతులవాళ్ళకే. "నీకు హీరో వేషం ఎప్పుడిస్తార్రా?" అని బాబాయి ప్రతిసారీ అడిగేవాడు. "నిండా పాతికేళ్ళు లేవు, అప్పుడే తెల్లగడ్డం అంటిస్తారేవిట్రా! ఆ ఫోటోలు చూస్తే పిల్లనెవరిస్తారు?" అని పిన్ని బెంగ.

చివరకు ఒక పెద్ద ఆర్కెస్ట్రాతో ఒంటరిగా నిలబడి పాడే అవకాశం వచ్చింది. వేషాల్లేవు, అందరూ నల్లకోట్లే. కొడుకులు వదిలేసిన ముసలిరాజు పాట నాది. వరసగా రెండు రోజులు కచేరీ. వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్‌గారంటే అందరికీ హడల్. రిహార్సల్లో దగ్గాడని ఒకతన్ని బయటకు పంపిన మహానుభావుడు. "మొదటి రోజు బాగా పాడితే ఈ ఏడాదంతా మాతోనే. లేదంటే నీ బ్యాంకు నీకుంది" అన్నాడు మొహం మీదే. నాకు వారం రోజులు అన్నం సహించలేదు.

ముందు వరసలో కూర్చోబోయే బాబాయికి మరీ మరీ చెప్పాను. "పాట రెండు భాగాలు బాబాయ్. మధ్యలో కాస్త ఆగుతాం. అప్పుడు చప్పట్లు కొట్టకూడదు."

"నాకు చెబుతావేవిట్రా? ఎన్ని సభలు చూశాను! ఒక్క చప్పట కొడితే అడుగు."

ఇచ్చిన మాట ఆయన తప్పలేదు. మొదటి భాగం అయింది, హాలంతా నిశ్శబ్దం. నేను ఊపిరి తీసుకుంటుండగా ముందు వరసలో సంచీ గరగరలాడింది. చూద్దును కదా, జరీ అంచు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. "కూర్చోండీ, మీకు పుణ్యముంటుంది!" అని పిన్ని చొక్కా పట్టుకుంది. "నాన్నా, సిట్ డౌన్ లా! సో పైసే!" అంది వాళ్ళమ్మాయి. (సిగ్గుతో చచ్చిపోతున్నానని ఇక్కడి భాషలో.) ఆయన ఇద్దర్నీ వదిలించుకుని మెట్లెక్కేశాడు. ఆ నడకలో ధీమా చూసి, ఈయన కూడా కచేరీలో భాగమే అనుకున్నారట హాలు సిబ్బంది. కండక్టర్‌గారి చేతిలో కర్ర గాల్లోనే ఆగిపోయింది. అయిపోయింది నా పని, రేపటినుంచి బ్యాంకే అనుకున్నాను.

బాబాయి నా భుజాల మీద ఎర్రటి శాలువా కప్పాడు. అన్ని సభల్లో అంతమందికి ఒక్క విసురుతో కప్పే మనిషి, ఆ రోజు అంచులు రెండుసార్లు సర్దాడు. "బాగా పాడావు నాన్నా. ఇంక కానీ" అని చెవిలో చెప్పి, కండక్టర్‌కు ఒక నమస్కారం పెట్టి దిగిపోయాడు. కోపం రావాలి నిజానికి. రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ చల్లటి హాల్లో ఒంటికి శాలువా వెచ్చగా తగిలిందో ఏమో, రెండో భాగంలో, రిహార్సల్లో ఎప్పుడూ జారిపోయే అట్టడుగు స్వరం తనంతట తనే వచ్చి కూర్చుంది. చప్పట్లు మోగిపోయాయి.

తెర వెనక తలవంచుకుని నిలబడ్డాను. కండక్టర్‌గారు వచ్చి శాలువా అంచు పట్టుకుని చూశాడు. "అందరూ వదిలేసిన రాజుకు ఒక ముసలి సేవకుడు వచ్చి దుప్పటి కప్పడం! ఎవరి ఆలోచన ఇది?" నేను తలెత్తేలోపే మళ్ళీ ఆయనే అన్నాడు, "రేపు కూడా కావాలి. ఆ పెద్దాయనతో సహా."

అమ్మయ్య! శాలువాతోనే బయటికి పరుగెత్తాను. సంగతి చెబితే బాబాయి కాలరెగరేశాడు. "చూశావా? నాకు మొదటి రోజే వేషం ఇచ్చేశారు!"

ఇప్పుడు నేనే పాఠాలు చెబుతున్నాను. వచ్చే శనివారం నా శిష్యురాలు మొదటిసారి ఆర్కెస్ట్రాతో పాడబోతోంది. రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ నా సంచీ తెరిచి చూసి, "ఇదేవిటండీ?" అంది, జరీ అంచు బయటికి లాగుతూ. పాటంతా అయ్యాకే, తెర వెనకే ఇస్తానని ఒట్టు వేశాను. తను నమ్మలేదు. పక్క సీటు తనదేనట, చొక్కా పట్టుకోవడానికి. పుంగ్గోల్‌లో కూతురి దగ్గరున్న బాబాయికి మోకాళ్ళు పనిచేయడం లేదు, రాలేనన్నాడు. ఫోనులో చెప్పింది మాత్రం ఒకటే మాట. "మెట్లెక్కేటప్పుడు అటూ ఇటూ చూడకురా. చూశావో, ఆపేస్తారు."